ఉద్దానపు పాటగాని యాత్ర

గాయకుడు సంచారి. నేటి రాత్రి ఒక యూరి రచ్చబండ కడ పాడిన కథను రేపటి రాత్రికి మఱియొక యూరికి మోసికొని పోవుట అతని వృత్తిధర్మము. మన హరిదాసులును, సురభి నాటకసమాజములవారును, తోలుబొమ్మలాటవారును ఇట్లే తిరిగిరి. నేడు పాశ్చాత్యదేశములందలి 'రాక్' సంగీత బృందములు విమానములలో, పెద్ద బస్సులలో ఖండములను చుట్టి వచ్చుచున్నవి. మూటలు పెరిగినవి, శ్రోతలు లక్షలైరి. సంచారము మాత్రము పాతదే. అట్టి యాత్రలు నడుమ తెగిపోయిన సందర్భములును కలవు. అమెరికాలోని లినర్డ్ స్కినర్డ్ బృందము యాత్రకు బయలుదేరిన కొలది దినములకే, 1977 అక్టోబరు 20న, వారి విమానము మిసిసిపి రాష్ట్రములోని అడవిలో కూలెను. గాయకుడు రోనీ వాన్ జాంట్‌తో సహా ఆఱుగురు మరణించిరి. 1986 సెప్టెంబరు 27 తెల్లవాఱుజామున స్వీడను దేశములో మెటాలికా బృందము ప్రయాణము చేయుచున్న బస్సు బోర్లపడి, క్లిఫ్ బర్టన్ అను ఇరువదినాలుగేండ్ల వాద్యకారుడు దాని క్రింద నలిగి చనిపోయెను.

ఈ మరణములను మేమిచట తలచుటకు కారణము వేఱు. విమానము కూలిన పిమ్మట అమెరికా ప్రభుత్వపు రవాణా భద్రతాసంఘము విచారణ జరిపి, ఇంధనము చాలకపోవుటచేతనే అది కూలెనని, నడపినవారు ఆ సంగతిని సకాలమున గమనింపలేదని లోకమునకు తెలిపెను. స్వీడను ప్రమాదమున దారిపై మంచు పేరుకొని బస్సు జాఱెనని చోదకుడు చెప్పగా, తాను ఆ దారివెంట నడచి చూచినను మంచు కనబడలేదని బృందనాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ చెప్పెను. రెండు మాటలును బాహాటముగనే పలుకబడినవి. పాట ఆగినప్పుడు ఏల ఆగెనో తెలిసికొనుట శ్రోతల హక్కుగా ఆ దేశములు గుర్తించినవి. మన శ్రీకాకుళము జిల్లాలో, పలాసకు దాపున, 1969లో నడుమ తెగిపోయిన పాటల యాత్ర యొకటి కలదు. దానికి విమానము లేదు, బస్సు లేదు. కాలినడక, కావడిమూట, ఒక జముకు. అంతే దాని సరంజామా. ఆ యాత్ర ఏల తెగెనో, ఎట్లు తెగెనో నేటివఱకు ఏ ధర్మాసనమును మనకు చెప్పలేదు.

టెక్కలి దాటి ఉత్తరముగా రైలులో పోవువారికి కుడిచేతివైపున సముద్రమువఱకు వ్యాపించిన పచ్చదనము కనబడును. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ తోటలతో నిండిన ఈ ఇసుకనేలను ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఎడమచేతివైపున కొండలు, వాని నడుమ మహేంద్రగిరి. ఈ ప్రాంతము చిరకాలము గంజాము జిల్లాలో ఉండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లాలో భాగమయ్యెను. సరిహద్దు గీత పటములో గీయబడినది గాని, ఇండ్లలోని భాషలను విడదీయలేదు. ఒక్క వీథిలోనే తెలుగును, ఒడియాయును వినబడుట ఈ సీమకు సహజము.

అట్టి సీమలోని బొడ్డపాడు గ్రామమున సుబ్బారావు పాణిగ్రాహి దేవాలయ పూజారిగా ఉండెను. ఇంటి భాష ఒడియా. ఆయన పాట కట్టిన భాష తెలుగు. ఆంధ్రోద్యమ కాలము నుండియు సరిహద్దు గ్రామములు ఎవరివని వాదించుకొన్న మనము ఈ యొక్క సంగతిని శ్రద్ధగా గమనింపవలెను. ఉద్దానపు తెలుగు కూలివాని నోటిమాటను, వాని యాసతో, వాని విఱుపుతో పాటగా మలచినవాడు ఒడియా కుటుంబమున పుట్టినవాడు. భాష పుట్టుకచే వచ్చుటకంటె పొరుగుచే వచ్చుటయే గట్టిదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

జముకును ఎఱుగని పట్టణవాసుల కొఱకు దానిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. అది కుంచము వంటి వాద్యము. ఒకవైపు తోలు మూయబడి యుండును. ఆ తోలు నడుమనుండి నరము బయటికి వచ్చును. వాద్యమును చంకలో నదిమి, నరమును బిగించి వదలుచు మీటినచో మూలుగువంటి, పిలుపువంటి ధ్వని పుట్టును. నరము బిగువునుబట్టి స్వరము ఎక్కును, దిగును. ఉత్తరాంధ్ర గ్రామములలో అమ్మవారి సంబరములయందు ఎల్లమ్మ కథ మొదలగునవి ఈ జముకుపైననే చెప్పుచుండిరి. కథకుడు గజ్జె కట్టి ముందుకు వచ్చి కథ నడుపును. వంతపాటవారు జముకు మీటుచు పల్లవి నందుకొందురు. నడుమ హాస్యము, నడుమ శోకము. అక్షరము రానివానికి ఇదియే పురాణము, ఇదియే పత్రిక.

పాణిగ్రాహి చేసిన పని యేమి? ఆ పాత గజ్జెను, పాత జముకును, పాత వరుసలను చెడగొట్టకుండనే, వానిలో క్రొత్త కథను పెట్టెను. దేవత కథ చెప్పు చోట కంబారి కథ చెప్పెను. రాజుగారి వేట చెప్పు చోట నాము వడ్డి సంగతి చెప్పెను. ధాన్యము అప్పు తెచ్చిన కుటుంబము కోతలనాటికి ఎంత కొలిచి ఈయవలసి వచ్చునో, కొలిచిన పిమ్మట గాదెలో ఏమి మిగులునో లెక్క వేసి పాడెను. లెక్కలు పాటయైనప్పుడు మఱపునకు రావు. ఆయన దళము ఊరూర తిరిగెను. పగలు పొలములో నున్నవారు రాత్రి భోజనములైన పిమ్మట గదా వినుటకు రాగలరు; కావున ఆ యాత్ర రాత్రులదే. టిక్కెట్టు లేదు, వేదిక లేదు; దీపమును శ్రోతలదే, భోజనమును శ్రోతలదే.

మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. ఈ కథలు వారి తాతలకు, తండ్రులకు రుచించి యుండవు. రుచింపవలెనని మేము అనము. తన గాదెను గూర్చి, తన కొలపాత్రను గూర్చి వీథిలో పాట వినబడినప్పుడు ఎవరికైనను కోపము వచ్చును. ఆ కోపము మానవసహజము. ఆ కోపమునకు పాటతో బదులు చెప్పుట, సభలో బదులు చెప్పుట, న్యాయస్థానములో బదులు చెప్పుట నాగరకము. ఇచట జరిగినదేమో చూతము.

ఈ నేలకు రైతు కదలిక 1967లో క్రొత్తగా రాలేదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగెను. ఆ వెంటనే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసులు కాల్పులు జరుపగా, గర్భవతియైన గున్నమ్మ మఱికొందఱితో కూడ ప్రాణములు విడిచెను. అడవి కట్టెపై రైతునకు హక్కు కలదా లేదా యనునది ఆనాటి తగవు. జమీందారీలు పోయినవి, తగవు పోలేదు. 1967 అక్టోబరు 31న పార్వతీపురము ఏజెన్సీలో, మొండెంఖల్ గిరిజన సభకు పోవుచున్న కోరన్న, మంగన్న అను నిరువురు లేవిడి గ్రామము కడ భూస్వాముల పక్షమువారి కాల్పులలో మరణించిరి. విచారణ జరిగెను, నిందితులు నిర్దోషులుగా విడుదలయిరి. ఆ తీర్పు తరువాత ఏజెన్సీలోని గిరిజనులకును, ఉద్దానములోని కూలివారికిని కచేరీ మెట్లపై నమ్మకము సడలెను. 1968 నవంబరులో ఏజెన్సీలో పెదగొట్టిలి, మైదానమున గరుడభద్ర సంఘటనలు జరిగినవి. అటుపిమ్మట ఉద్యమము ఆయుధము పట్టెను.

మేమిచట ఒక మాటను దాచి వ్రాయజాలము. ఆయుధము పట్టినవారు వర్గశత్రు నిర్మూలనమను పేరుతో భూస్వాములను, వడ్డీవ్యాపారులను చంపిరి. ఆ చంపబడినవారికిని భార్యాబిడ్డలుండిరి. వారి యిండ్లలోని శోకమునకు పాట కట్టినవారు లేరు. ఒకని కొలపాత్ర తప్పుడుదైనచో దానిని విఱుగగొట్టవచ్చును, వానిని బోనులో నిలువబెట్టవచ్చును. వాని మెడ నఱుకుట న్యాయము కానేరదు. పాణిగ్రాహి పాడుటతో ఆగక ఆ సాయుధమార్గమును కూడ అవలంబించెను. దీనిని మఱచి ఆయనను ఒక సాధుగాయకునిగా మాత్రమే చిత్రించుట సత్యమునకు అన్యాయము.

కాని సత్యము అంతటితో ముగియదు. 1969 మే మాసములో బొడ్డపాటి ప్రాంతపు నాయకుడు పంచాది కృష్ణమూర్తి పోలీసు కాల్పులలో మరణించెను. అదే సంవత్సరము డిసెంబరు 22న రంగమటియా కొండలలో పాణిగ్రాహియు, కృష్ణమూర్తి భార్య పంచాది నిర్మలయు, మఱికొందఱును కాల్చబడిరి. ఎదురుకాల్పులలో చనిపోయిరని పోలీసులు ప్రకటించిరి. ప్రాణములతో పట్టుకొని, పిమ్మట కాల్చిరని వారి సహచరులు అప్పటినుండియు చెప్పుచున్నారు. ఉద్దానపు గ్రామములలో ఆ తరమువారు రెండవ మాటనే నమ్మిరి. ఏది నిజమో తేల్చుటకు సాక్షులను ప్రమాణము చేయించి, ఇరుపక్షముల వాదమును విని, తీర్పు చెప్పిన న్యాయమూర్తి లేడు. జముకు మూగవోయెను. యాత్ర ఆగెను.

ఇచటనే మేము మొదట చెప్పిన విమానప్రమాదమును మరల జ్ఞప్తికి తెచ్చికొనవలెను. అచట ఇంధనపు తొట్టిలో చమురు ఎంత మిగిలినదో కొలిచి చూచిరి. ఇచట ఒక మనుష్యుని గుండెలో గుండు ఎంత దూరమునుండి దిగినదో కొలుచువారు లేకపోయిరి. తాను చేయు పని ధర్మమని నమ్మిన ప్రభుత్వమునకు ఆ కొలతకు వెఱువ బనిలేదు. పాణిగ్రాహి నేరము చేసియుండినచో ఆ నేరము కాగితముపై నిలిచియుండెడిది. చేయనిచో ఆ సంగతియు నిలిచియుండెడిది. విచారణ లేకపోవుటచేత ఆయనను ద్వేషించువారికి సాక్ష్యము లేదు, పూజించువారికి సంశయము లేదు. రెండును దేశమునకు మేలు చేయవు.

న్యాయస్థానము దారి అసాధ్యమైనదా? కాదని చరిత్రయే చెప్పుచున్నది. ఈ ఉద్యమమునకు సంబంధించిన పార్వతీపురము కుట్ర కేసు ఏండ్ల తరబడి నడచి 1976లో తీర్పు వెలువడెను. బ్రతికియున్నవారు తమ మాటను న్యాయాధిపతి యెదుట చెప్పుకొనగలిగిరి. ఆ ఉద్యమములోనే మఱియొక నాయకుడైన నాగభూషణ పట్నాయక్‌కు 1970లో మరణశిక్ష విధింపబడెను. ఉరి త్రాడు ఖాయమైన మనుష్యుడు! కాని తీర్పునకును ఉరికంబమునకును నడుమ కాలము కలదు. ఆ కాలమున దేశము ఆలోచించెను, పెద్దలు విన్నపములు చేసిరి, ఉరిశిక్ష తొలగెను. 1981లో ఆయన విడుదలయై 1998 వఱకు జీవించెను. న్యాయస్థానపు తీర్పులో తప్పున్నను దిద్దుకొనుటకు వ్యవధి కలదు. కొండచఱియలో పేలిన తుపాకికి ఆ వ్యవధి లేదు.

అత్యవసర పరిస్థితి ముగిసిన పిమ్మట, 1977లో, తార్కుండే నాయకత్వమున ఏర్పడిన పౌరహక్కుల సంఘము ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌కౌంటరు మరణములను పరిశీలించి ప్రశ్నలు లేవనెత్తెను. ప్రభుత్వము న్యాయమూర్తి భార్గవను విచారణకు నియమించెను గాని, ఆ విచారణను రహస్యముగా నడుప దలచుటచే అది కొలిక్కి రాకయే ఆగిపోయెను. తుదకు 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు స్పష్టమైన నియమములను నిర్దేశించెను. పోలీసు కాల్పులలో మరణము సంభవించినప్పుడు కేసు నమోదు చేయవలెననియు, కాల్పులు జరిపినవారితో సంబంధము లేని అధికారులు దర్యాప్తు చేయవలెననియు, మేజిస్ట్రేటు విచారణ జరుపవలెననియు శాసించెను. రంగమటియాకు ఈ నియమములు నలువదియైదేండ్లు ఆలస్యముగా వచ్చినవి. ఇకమీదటనైన ఆలస్యము కారాదని కోరుట ఏ పక్షమునకును చెందిన కోరిక కాదు. అది పౌరుని కోరిక.

పాటకు భయపడుట ప్రభుత్వములకు పాత జబ్బు. తెల్లదొరలు 1876లో నాటకప్రదర్శనల చట్టమును తెచ్చిరి. స్వతంత్ర భారతము దానిని 2018లో గాని తొలగింపలేదు. 1940 దశకమున మద్రాసు ప్రభుత్వము బుఱ్ఱకథలను, 'మాభూమి' నాటకమును నిషేధించెను. ఫలితమేమి? నిషేధింపబడిన కథలు నేటికిని తెలుగునాట పేరు నిలుపుకొనియున్నవి. నిషేధించిన మంత్రుల పేర్లు పుస్తకములు తిరుగవేసినగాని దొరకవు. పాణిగ్రాహి విషయమున కూడ ఇంతియే. ఆయన పోయిన ఏడు మాసములలోపుననే, 1970 జులై 4న, విప్లవ రచయితల సంఘమేర్పడెను. శ్రీశ్రీ దానికి అధ్యక్షుడయ్యెను. పార్వతీపురము ప్రాంతపు వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర యాసను, జానపద వరుసలను రాష్ట్రమంతట వినిపించి 2020లో కన్నుమూసెను. 1997 ఏప్రిల్ 6న గద్దరుపై తుపాకులు పేలెను. ఆయన బ్రతికి, 2023 వఱకు పాడెను. ఒక గాయకుని కాల్చినచో పాట చచ్చునని తలంచినవారు తెలుగు పల్లెను ఎఱుగనివారు.

అయినను, పాట నిలిచినదను తృప్తితో మేము కలము మూయజాలము. పాట నిలుచుట వేఱు, పాటగాడు నిలుచుట వేఱు. ఆ చేతితో ఇంక ఎన్ని కథలు కట్టబడియుండెడివో, ఆ ఆలోచన ఏ దారిని మఱలియుండెడిదో, తాను నమ్మిన మార్గమును తానే ప్రశ్నించుకొనియుండెడివాడో ఎవరు చెప్పగలరు? అతని పక్షమువారికి కూడ మేమొక మాట చెప్పదలచితిమి. ఉద్దానము ఆయననుండి పుచ్చుకొని దాచుకొన్నది ఏమి? తుపాకి కాదు, పాట. జముకు పోయిన యిండ్లలోనికి తుపాకి పోజాలలేదు. జముకు తెచ్చిన జనమును తుపాకి అడవిలోనికి, అచటనుండి చెఱసాలలోనికి, శ్మశానమునకు కొనిపోయెను. ఇది కూడ ఆ యాత్ర తెగుటకు ఒక కారణమని తలంచుటలో అపచారము లేదు.

నేడు బొడ్డపాటిలో అమరవీరుల స్తూపము కలదు. ఏటేట అచట స్మరణసభలు జరుగుచున్నవి. కాని రాతికంబముకంటె తోలువాద్యము త్వరగా చెడును. జముకు మీటు చేతులు తగ్గుచున్నవి. సంబరములలో పెద్ద ధ్వనియంత్రములు మ్రోగుచుండగా ఆ సన్నని మూలుగును వినువారెవరు? 2020లో వచ్చిన 'పలాస 1978' చలనచిత్రమువలన ఈ సీమ పాటలు కొన్ని పట్టణముల చెవిలో బడినవి, సంతోషమే. కాని చలనచిత్రము పాటను వినిపించును గాని నేర్పదు.

ఉద్దానమునకు పాడవలసిన కథలు తక్కువ కాలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరమున పడి, తరములుగా పెంచిన కొబ్బరిని, జీడిమామిడిని ఒక్క రాత్రిలో నేలగూల్చెను. మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి ఇంటింట మనుష్యులను పీల్చివేయుచున్నది. దాని మూలకారణము శాస్త్రజ్ఞులకు సంపూర్ణముగా అంతుబట్టలేదు. పలాసలో 2023 డిసెంబరులో వైద్యశాలయు, పరిశోధనకేంద్రమును తెఱువబడినవి. వైద్యుడు రక్తమును పరీక్షించును. ఆ యింటి యిల్లాలి దుఃఖమును, కొబ్బరిచెట్టు కూలిన రైతు మౌనమును ఎవరు పరీక్షింతురు? ఆ పని జముకుది.

కావున మా సూచనలు మూడు. ఎచ్చెర్లలోని అంబేద్కరు విశ్వవిద్యాలయము ఈ జిల్లాలోని జముకుల కథకులను, మిగిలియున్న వృద్ధులు బ్రతికియుండగనే, వెదకి, వారి కథలను, వరుసలను ధ్వనితో సహా భద్రపఱుపవలెను. పాణిగ్రాహి రచనలను కూడ, వానితో ఏకీభవించినను ఏకీభవింపకపోయినను, వానియందలి భాష కొఱకైన అందఱికి లభించునట్లు చేయవలెను. రెండవది, గ్రామ పెద్దలు, అనగా మా పాఠకులే, తమ యూరి సంబరములలో ఒక రాత్రిని జముకునకు విడువవలెను. ఆ కథకుడు తమను పొగడవలెనని షరతు పెట్టరాదు. తన గాదెను గూర్చిన పాటను తన వీథియరుగుపైననే కూర్చుండి వినగల భూస్వామికి ఏ ఉద్యమమునుండియు భయము లేదు. వినలేని భూస్వామికి ఏ పోలీసుఠాణాయు రక్ష కాదు. మూడవది, పాటకు శిక్ష వేయవలసి వచ్చినచో ఆ శిక్ష బహిరంగ న్యాయస్థానములోనే, వాది ప్రతివాదుల యెదుటనే జరుగవలెనని ప్రతి ప్రభుత్వమును, ఏ పార్టీదైనను, అడుగుచుండవలెను.

లినర్డ్ స్కినర్డ్ బృందము పదియేండ్ల పిమ్మట, 1987లో, చనిపోయిన గాయకుని తమ్ముని ముందు నిలుపుకొని మరల పాడుటకు లేచెను. మెటాలికాయు కొలది వారములలోనే క్రొత్త వాద్యకారుని చేర్చుకొని మరల యాత్రకు బయలుదేరెను. తెగిన యాత్రను మరల అతుకుకొనుట కళకు సాధ్యమేయని ఇవి తెలుపుచున్నవి. ఉద్దానపు యాత్ర తెగి అర్ధశతాబ్దము దాటినది. అది మరల సాగుటకు తుపాకి వలదు, స్తూపము చాలదు. సాయంకాలము భోజనములైన పిమ్మట ఏ యూరిలోనైనను ఒక పిల్లవాడు జముకును చంకలో నదిమి, మొదటి మీటు మీటవలెను. ఆ పిల్లవానిని ఆపకుండుట, అతని కథ ముగియువఱకు కూర్చుండి వినుట మన వంతు.